పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: మందు మొదలుపెట్టేటప్పుడు, మార్చేటప్పుడు తెలుసుకోవలసిన విషయాలు

ఏకాగ్రతా లోపం, అతి చురుకుదనం రుగ్మతను సంక్షిప్తంగా ఏడీహెచ్‌డీ అంటారు. ఇది బాల్యంతో ముగిసిపోయే సమస్య అన్న అభిప్రాయం చాలాకాలం బలంగా ఉండేది. అందువల్ల ముప్పై, నలభై ఏళ్ల వయసులో తొలిసారి ఈ పేరు విన్నవారు ఆశ్చర్యపోవడం సహజం. ఈ రుగ్మతకు మందులున్నాయి, తగినవారికి తగిన మోతాదులో ఇచ్చినప్పుడు అవి పనిచేస్తాయి. అయితే ఎవరికి ఏ మందు ఎంత మోతాదులో సరిపడుతుందో ముందుగా చెప్పగల రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. కొన్ని వారాలపాటు కొలిచి, రాసుకుని, సరిదిద్దుకుంటూ వెళ్లడమే మార్గం. ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కునగరాన్ని ఆనుకుని ఉన్న సుపేలా వంటి ప్రాంతంలో ఈ క్రమం సవ్యంగా సాగాలంటే వైద్యుని చీటీ, మందుల దుకాణంలోని నిల్వ, కర్మాగారం షిఫ్టు వేళలు కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

సుపేలా నేపథ్యం

దుర్గ్ జిల్లాలో జీఈ రోడ్డుపై ఉన్న సుపేలా భిలాయి నగరంలోని రద్దీగల వ్యాపార కేంద్రాలలో ఒకటి. సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉపాధి కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఈ కుటుంబాలలో ఇంటి భాష తెలుగు, ఆసుపత్రి భాష హిందీ. మందు విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ఇంట్లో ‘పరాకు’, ‘కుదురు లేదు’, ‘చెప్పింది చెవికెక్కదు’ అనే మాటలతో ఏళ్ల తరబడి వర్ణించిన లక్షణాలను వైద్యుని ముందు మరో భాషలో, పది నిమిషాలలో వివరించవలసి వస్తుంది. లక్షణాలను ముందుగానే కాగితంపై రాసుకుని వెళ్లడం మంచిదని చెప్పడానికి ఇదొక కారణం.

రుగ్మత చరిత్ర

నిలకడగా దృష్టి పెట్టలేని స్థితిని స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ 1798లోనే గ్రంథస్థం చేశారు. 1902లో లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ పిల్లలలో ఇటువంటి లక్షణాలపై ఉపన్యాసాలిచ్చారు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ఆంఫెటమిన్ తరగతి మందు ఇచ్చిన పిల్లలలో చదువుపై శ్రద్ధ పెరగడాన్ని గమనించారు. 1944లో సీబా సంస్థ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశారు. ఆయన భార్య ముద్దుపేరు రీటా మీదుగా ఆ మందుకు రిటాలిన్ అనే వ్యాపార నామం వచ్చింది. నేటికీ భారతదేశంలో ఏడీహెచ్‌డీకి వాడే ప్రధాన మందు మిథైల్‌ఫెనిడేటే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన వర్గీకరణ గ్రంథం, బాల్యంలోని ఈ రుగ్మత పెద్దయ్యాక కూడా మిగిలి ఉండవచ్చునని అంగీకరించింది. 2013లో వచ్చిన ఐదవ కూర్పు పెద్దవారికి ప్రత్యేక ప్రమాణం నిర్దేశించింది. ఏకాగ్రతా లోపానికి సంబంధించిన తొమ్మిది లక్షణాలలో గాని, అతి చురుకుదనం, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదింటిలో గాని పిల్లలకు ఆరు ఉండాలి. పదిహేడేళ్లు, ఆపైబడిన వారికి ఐదు చాలు. అయితే కొన్ని లక్షణాలు పన్నెండేళ్ల వయసుకు ముందే కనిపించి ఉండాలి. ఇల్లు, ఉద్యోగం వంటి రెండు లేదా అంతకుమించిన చోట్ల కనిపించాలి. జీవితానికి స్పష్టంగా ఆటంకం కలిగిస్తూ ఉండాలి.

పెద్దవారిలో గెంతులు, పరుగులు తగ్గిపోతాయి. లోపలి అశాంతి మిగులుతుంది. కరెంటు బిల్లు గడువు దాటిపోవడం, మొదలుపెట్టిన పని సగంలో నిలిచిపోవడం, ఎదుటివారి మాట పూర్తికాకముందే అడ్డు తగలడం, తాళంచెవి కోసం రోజూ వెతుకులాట వంటి రూపాలలో అది బయటపడుతుంది. స్త్రీలలో అతి చురుకుదనం కన్నా ఏకాగ్రతా లోపం ఎక్కువగా కనిపించడం వల్ల బాల్యంలో గుర్తింపు తప్పిపోయే అవకాశం అధికం. పిల్లలకు పరీక్ష చేయించేందుకు వెళ్లిన తల్లిదండ్రులు తమలోనూ అవే లక్షణాలున్నట్లు గ్రహించడం మానసిక వైద్యులకు పరిచితమైన సందర్భమే.

మందుకు ముందు పరీక్ష

ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో రూపొందిన పెద్దవారి స్వీయ ప్రశ్నావళిలో 18 ప్రశ్నలున్నాయి. వాటిలో తొలి ఆరింటిని ప్రాథమిక వడపోతకు వాడతారు. ఇందులో ఎక్కువ అంకెలు వచ్చినంత మాత్రాన రోగనిర్ధారణ అయినట్లు కాదు. తుది నిర్ణయం మానసిక వైద్యుడు వివరంగా మాట్లాడిన తరువాతే తీసుకుంటారు. బాల్యంలో లక్షణాలు ఉండేవా అన్నది తేల్చేందుకు తల్లి, తండ్రి లేదా పెద్దన్న, పెద్దక్క చెప్పే మాట ఎంతో విలువైనది. వారు స్వగ్రామంలో ఉన్నట్లయితే ఫోనులో మాట్లాడించవచ్చు. పాత పాఠశాల ప్రగతి పత్రాలు, వాటిపై ఉపాధ్యాయులు రాసిన వ్యాఖ్యలు దొరికితే వెంట తీసుకువెళ్లాలి.

ఇవే లక్షణాలను కలిగించే ఇతర కారణాలను ముందుగా తోసిపుచ్చవలసి ఉంటుంది. థైరాయిడ్ సమస్య, రక్తహీనత, కుంగుబాటు, ఆందోళన, గురకతో కూడిన నిద్రావరోధం, మద్యం అలవాటు అన్నీ ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. భిలాయి వంటి పారిశ్రామిక నగరంలో షిఫ్టు ఉద్యోగం మరో ముఖ్యమైన అంశం. పగలు, సాయంత్రం, రాత్రి పాళీలు మారుతూ పనిచేసేవారిలో నిద్రలేమి వల్ల కలిగే మతిమరుపు, చిరాకు పైకి ఏడీహెచ్‌డీ లాగానే కనిపిస్తాయి. బాల్యంలో ఏ ఇబ్బందీ లేకుండా, షిఫ్టులు మొదలైన తరువాతే సమస్య వచ్చినట్లయితే ముందుగా నిద్రను సరిచేయడంపైనే దృష్టి పెడతారు.

మందు రాసేముందు బరువు, నాడి, రక్తపోటు నమోదు చేస్తారు. గుండె జబ్బు, స్పృహ తప్పడం, కుటుంబంలో చిన్న వయసులో ఆకస్మిక మరణం వంటి చరిత్ర ఉంటే ఈసీజీ, గుండె వైద్యుని అభిప్రాయం అవసరమవుతాయి. ఆ చరిత్ర లేనివారందరికీ ఈసీజీ తప్పనిసరి కాదని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. గ్లకోమా, మూర్ఛ, గతంలో అతి ఉత్సాహ స్థితి లేదా భ్రాంతులు, ప్రస్తుతం వాడుతున్న ఇతర మందులు, గర్భం లేదా గర్భధారణ ఆలోచన వంటి వివరాలు దాచకూడదు.

ఛత్తీస్‌గఢ్‌లో ప్రత్యేకంగా చెప్పవలసిన అంశం సికిల్ సెల్. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఇది ఒకటి. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరిధిలోనూ ఉంది. మిథైల్‌ఫెనిడేట్ వాడే పురుషులలో అరుదుగా బాధాకరమైన, దీర్ఘసేపు నిలిచే అంగస్తంభన కలగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013 డిసెంబరులో హెచ్చరించింది. అటామోక్సెటిన్‌తోనూ ఇటువంటి సంఘటనలు నమోదయ్యాయని, మిథైల్‌ఫెనిడేట్ నుంచి దానికి మార్చేటప్పుడు జాగ్రత్త అవసరమని తెలిపింది. సికిల్ సెల్ వ్యాధిలో ఈ ఇబ్బంది మందు లేకుండానే రాగలదు. కనుక ఆ వ్యాధి ఉన్నవారు సంకోచం లేకుండా వైద్యునికి ముందే తెలియజేయాలి. నాలుగు గంటలకు మించి ఈ స్థితి కొనసాగితే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

దేశంలో లభించే మందులు

ఏడీహెచ్‌డీ మందులు స్థూలంగా రెండు తరగతులు. మొదటిది ఉత్తేజక తరగతి. భారతదేశంలో ఈ తరగతిలో వాడుకలో ఉన్నది మిథైల్‌ఫెనిడేట్. ఇది మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు నాడీకణాలలోకి తిరిగి పీల్చబడకుండా అడ్డుకుంటుంది. వెంటనే కరిగే మాత్ర ప్రభావం సుమారు మూడు, నాలుగు గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాలలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలపాటు పనిచేసేవి ఉన్నాయి. తగిన మోతాదులో ఉంటే దీని ప్రభావం తీసుకున్న రోజే తెలుస్తుంది.

రెండవది ఉత్తేజకం కాని తరగతి. ఇందులో ప్రధానమైనది అటామోక్సెటిన్. అమెరికాలో 2002 నవంబరులో అనుమతి పొందింది. ఇది నారడ్రినలిన్‌పై పనిచేస్తుంది. దీనికి వ్యసనపడే ప్రమాదం లేదు. రోజంతా ప్రభావం ఉంటుంది. అయితే ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పూర్తి ప్రయోజనానికి ఒక్కోసారి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ‘ఏమీ తేడా లేదు’ అని ఆపివేయడం ఈ మందు విషయంలో తరచు జరిగే పొరపాటు. క్లోనిడిన్, బ్యూప్రోపియాన్ వంటి మందులను కొన్ని ప్రత్యేక సందర్భాలలో వైద్యులు ఎంచుకుంటారు.

అమెరికాలో విరివిగా రాసే ఆడెరాల్ వంటి ఆంఫెటమిన్ మందులు భారతీయ మందుల దుకాణాలలో లభించవు. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడిన, 133 ప్రయోగాలను సమీక్షించిన అధ్యయనం పెద్దవారికి తొలి ఎంపికగా ఆంఫెటమిన్ తరగతిని, పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్‌ను సూచించింది. పెద్దవారిలోనూ మిథైల్‌ఫెనిడేట్, అటామోక్సెటిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితమిచ్చినట్లు అదే అధ్యయనం చూపింది. కాబట్టి విదేశీ సమాచారం చదివి, ఇక్కడ చికిత్సే లేదని నిరుత్సాహపడనక్కరలేదు.

మొదటి వారాలు

తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారానికి ఒకసారి చొప్పున ఫలితం చూసి పెంచడం సాధారణ పద్ధతి. వెంటనే కరిగే మిథైల్‌ఫెనిడేట్‌ను పెద్దవారికి తరచు 5 మిల్లీగ్రాములతో, రోజుకు రెండు మూడు సార్లుగా ఆరంభిస్తారు. అటామోక్సెటిన్‌ను 40 మిల్లీగ్రాములతో ఆరంభించి, కనీసం మూడు రోజుల తరువాత 80కి పెంచవచ్చు. గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు. పారాక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వంటి కుంగుబాటు మందులు వాడుతున్నవారిలో అటామోక్సెటిన్ రక్తంలో ఎక్కువగా నిలిచిపోతుంది. వారికి పెంపు మరింత నిదానంగా ఉండాలి. ఈ అంకెలు అవగాహన కోసమే. వ్యక్తికి తగిన మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. బరువు ఎక్కువ ఉన్నవారికి మిథైల్‌ఫెనిడేట్ ఎక్కువ కావాలన్న నియమం పెద్దవారిలో వర్తించదు.

మొదటి మాత్రను సెలవు రోజు ఉదయం వేసుకోవడం మంచిది. మందు తమపై ఎలా పనిచేస్తుందో తెలిసేవరకు క్రేను, భారీ వాహనం నడిపే పనిని, ఎత్తులో చేసే పనిని తప్పించుకోవాలి. ఒక చిన్న నోటుపుస్తకంలో ఈ వివరాలు రోజూ రాసుకుంటే తదుపరి సంప్రదింపు ఉపయోగకరంగా ఉంటుంది: మాత్ర వేసుకున్న సమయం, ప్రభావం మొదలైన వేళ, తగ్గిన వేళ, నాడి, రక్తపోటు, తిన్న తిండి, నిద్రపోయిన గంటలు, ఆ రోజు పూర్తయిన లేదా మరచిన పనులు. ఇంట్లో భార్య గాని, భర్త గాని, కలిసి ఉండే మరొకరు గాని గమనించిన మార్పును కూడా చేర్చాలి. చిరాకు పెరగడం, మాట తగ్గిపోవడం వంటివి మందు వాడే వ్యక్తికన్నా ఎదుటివారికే ముందుగా కనిపిస్తాయి.

ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, నోరు ఎండడం, తలనొప్పి, గుండె దడ మిథైల్‌ఫెనిడేట్‌తో సాధారణంగా కలిగే ఇబ్బందులు. మాత్రకు ముందే అల్పాహారం తినడం, మధ్యాహ్నం తరువాతి మోతాదు సమయాన్ని వైద్యుని సలహాతో ముందుకు జరపడం వంటి సర్దుబాట్లతో చాలావరకు తగ్గుతాయి. మందు ప్రభావం దిగేవేళ కొందరిలో అలసట, విసుగు ఒక్కసారిగా పెరుగుతాయి. ఇది మోతాదు లేదా మాత్ర రకం మార్చవలసిన సూచన కావచ్చు. అటామోక్సెటిన్‌తో వికారం, మలబద్ధకం, మూత్ర విసర్జనలో ఇబ్బంది, లైంగిక సమస్యలు రావచ్చు. చర్మం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం కాలేయ సమస్యకు అరుదైన సంకేతాలు. వాటిని ఉపేక్షించరాదు.

విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 120 దాటడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, భ్రాంతులు, లేనిపోని అనుమానాలు, ఆత్మహత్య ఆలోచనలు వంటివి కనిపిస్తే తదుపరి తేదీ కోసం ఎదురుచూడక వెంటనే వైద్య సహాయం పొందాలి.

మందు మార్చవలసి వచ్చినప్పుడు

మార్పు మూడు కారణాల వల్ల అవసరమవుతుంది. తగిన మోతాదులో తగినంత కాలం వాడినా ఫలితం లేకపోవడం మొదటిది. సుమారు ఆరు వారాలపాటు సరైన మోతాదులో ఒక మందును చూసిన తరువాతే మరో తరగతికి వెళ్లాలని నైస్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. దుష్ఫలితాలు భరించలేనివి కావడం రెండవది. మందు దొరకకపోవడం మూడవది. చిన్న నగరాలలో మూడవ కారణమూ తక్కువైనది కాదు.

వెంటనే కరిగే మాత్ర నుంచి నెమ్మదిగా విడుదలయ్యే మాత్రకు మారడం అన్నింటికన్నా సులభమైన మార్పు. రోజుకు మూడుసార్లు 5 మిల్లీగ్రాములు వాడేవారికి, పన్నెండు గంటలు పనిచేసే మాత్రలో 18 మిల్లీగ్రాములు ఇంచుమించు సమానం. ఇటువంటి మాత్రను విరవడం, నమలడం, పొడి చేయడం ప్రమాదకరం. రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒక్కసారిగా విడుదలవుతుంది. స్ట్రిప్‌పై ఎస్ఆర్, ఈఆర్ వంటి అక్షరాలను దుకాణంలోనే సరిచూసుకోవాలి.

కంపెనీ పేరు మారినా మందు అదే కదా అన్న భావన ఇక్కడ పూర్తిగా వర్తించదు. నెమ్మదిగా విడుదలయ్యే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలలో ఎంత భాగం వెంటనే, ఎంత భాగం తరువాత విడుదలవుతుందన్నది ఒక్కో తయారీలో ఒక్కో విధంగా ఉంటుంది. వీటిని ఒకదానికి బదులు మరొకటి ఇచ్చేటప్పుడు జాగ్రత్త వహించాలని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022 సెప్టెంబరులో సూచించింది. దుకాణదారు వేరే పేరు గల మాత్ర ఇస్తే వైద్యునికి తెలిపిన తరువాతే వాడాలి.

మిథైల్‌ఫెనిడేట్ నుంచి అటామోక్సెటిన్‌కు మారేటప్పుడు కొన్ని వారాల ఖాళీ ఏర్పడే అవకాశం ఉంది. కొత్త మందు పనిచేయడం మొదలుపెట్టేలోగా పాత మందు ఆగిపోవడమే దీనికి కారణం. అందువల్ల కొందరికి వైద్యులు నాడి, రక్తపోటు గమనిస్తూ కొంతకాలం రెండింటినీ కలిపి ఇచ్చి, తరువాత పాతదానిని తగ్గిస్తారు. ఈ నిర్ణయం సొంతంగా తీసుకోరాదు. కుంగుబాటుకు వాడే ఎంఏఓఐ తరగతి మందుకు, ఈ రెండింటిలో దేనికైనా మధ్య కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలి. అటామోక్సెటిన్‌ను క్రమంగా తగ్గించనవసరం లేకుండానే ఆపవచ్చు. క్లోనిడిన్‌ను మాత్రం హఠాత్తుగా ఆపితే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది.

అమెరికాలో చదువు, ఉద్యోగం ముగించుకుని స్వస్థలానికి తిరిగి వచ్చేవారు అక్కడి ఆంఫెటమిన్ మందును ఇక్కడ కొనసాగించలేరు. ప్రయాణానికి ముందే అక్కడి వైద్యునితో మాట్లాడి, భారత్‌లో లభించే మందుకు మారి, చికిత్స వివరాల పత్రం వెంట తెచ్చుకోవడం శ్రేయస్కరం.

చట్టం, చీటీ, దుకాణం

మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం షెడ్యూలులోని మనోప్రభావక పదార్థాలలో ఒకటి. 1945 ఔషధ నియమావళిలో షెడ్యూల్ ఎక్స్ కిందకు వస్తుంది. దీనిని అమ్మేందుకు దుకాణానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. మందును ప్రత్యేక అరలో తాళం వేసి భద్రపరచాలి. వైద్యుని చీటీ రెండు ప్రతులుగా ఉండాలి. వాటిలో ఒకటి దుకాణదారు వద్ద రెండేళ్లపాటు ఉంచుకుంటారు. వైద్యుడు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒకే చీటీపై రెండోసారి మందు ఇవ్వరు. రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం మాత్రల సంఖ్య, తేదీ, వైద్యుని సంతకం స్పష్టంగా ఉన్నాయో లేదో ఆసుపత్రి విడిచేలోగా చూసుకోవాలి. ఒక్క ప్రతితో వచ్చి దుకాణం నుంచి తిరిగి వెళ్లవలసిన శ్రమ దీనితో తప్పుతుంది.

ఎన్‌డీపీఎస్ నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి సొంత వైద్య అవసరానికి ఒకేసారి 100 మోతాదుల వరకు తన వద్ద ఉంచుకోవచ్చు. దీర్ఘకాలిక అవసరమని వైద్యుడు ప్రత్యేకంగా రాసినట్లయితే 300 వరకు అనుమతి ఉంది. పెళ్లికో, సంక్రాంతికో స్వగ్రామానికి వెళ్లేవారు మాత్రలను అసలు స్ట్రిప్‌లోనే, చీటీ ప్రతితో సహా వెంట ఉంచుకోవాలి. షెడ్యూల్ ఎక్స్ లైసెన్సు ఉన్న దుకాణాలు అన్నిచోట్లా ఉండవు కనుక సెలవులకు సరిపడా మందు ముందే తీసుకోవడం మంచిది.

ఆన్‌లైన్ సంప్రదింపులోనూ పరిమితి ఉంది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను, ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వచ్చే మందులను దూరవైద్యం ద్వారా రాయడాన్ని నిషేధించాయి. కనుక మిథైల్‌ఫెనిడేట్ కోసం వైద్యుని స్వయంగా కలవక తప్పదు. అటామోక్సెటిన్ ఈ నిషిద్ధ జాబితాలో లేదు. అయినా అది కూడా వైద్యుని చీటీపై మాత్రమే వాడవలసిన మందు. వైద్యుని వద్దకు తరచు వెళ్లలేని వారికి మందు ఎంపికలో ఈ తేడా కూడా పరిగణించదగినదే.

ఒకరికి రాసిన మాత్రను మరొకరికి ఇవ్వడం చట్టరీత్యా నేరం. భిలాయి పోటీ పరీక్షల శిక్షణకు పేరున్న పట్టణం. రుగ్మత లేని విద్యార్థులు రాత్రంతా మేలుకుని చదివేందుకు ఇటువంటి మాత్రలు వాడితే నిద్ర, గుండె, మానసిక స్థితి దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో చదువుకునే పిల్లలున్నవారు మందును తాళం వేసి ఉంచాలి.

సుపేలా నుంచి ఎక్కడికి వెళ్లాలి

సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వ ఆసుపత్రి రక్తపోటు, రక్తపరీక్షలు వంటి ప్రాథమిక అవసరాలకు దగ్గరలో ఉన్న కేంద్రం. ఉక్కు కర్మాగారం ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులకు సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రధాన వైద్యాలయం. జీఈ రోడ్డు మీదుగా రాయ్‌పూర్ వైపు వెళితే టాటీబంద్ వద్ద ఎయిమ్స్ ఉంది. అక్కడ మానసిక వైద్య విభాగం పనిచేస్తోంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం గురించి దుర్గ్ జిల్లా ఆసుపత్రిలో విచారించవచ్చు. తెలుగులో మాట్లాడే వైద్యుని కోరుకునేవారు స్వరాష్ట్రానికి వెళ్లినప్పుడు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో తొలి పరీక్ష చేయించుకుని, ఆ పత్రాలతో ఇక్కడ కొనసాగించే వీలుంది.

2018 మే నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతకు హామీ ఇస్తోంది. తన వైద్య రికార్డులను పొందే హక్కును కూడా రోగికి కల్పించింది. వైద్యుని మార్చేవారు గతంలో వాడిన మందు పేరు, మోతాదు, ఆపిన కారణం ఉన్న పత్రాలను ఈ హక్కుతో కోరవచ్చు. ఏ మందు ఎందుకు పనిచేయలేదో తెలియకపోతే కొత్త వైద్యుడు అదే ప్రయోగాన్ని మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది.

షిఫ్టు, వేసవి, ఇతర జాగ్రత్తలు

మారే షిఫ్టులలో పనిచేసేవారికి ‘ఉదయం ఒక మాత్ర’ అన్న సూచన సరిపోదు. రాత్రి పాళీ ముగించుకుని ఉదయం ఇంటికి వచ్చి పన్నెండు గంటల మాత్ర వేసుకుంటే పగటి నిద్ర పోతుంది. షిఫ్టుల పట్టికను వైద్యునికి చూపించి, ఒక్కో పాళీకి మాత్ర వేళను విడిగా రాయించుకోవాలి. తక్కువ గంటలు పనిచేసే మాత్ర గాని, రోజంతా సమానంగా ఉండే అటామోక్సెటిన్ గాని ఇటువంటివారికి అనువుగా ఉండవచ్చు. ప్రమాదకరమైన పనులలో ఉన్నవారు కర్మాగార వైద్యాధికారికి మందు విషయం తెలియజేయడం వారి భద్రతకూ, తోటివారి భద్రతకూ అవసరం.

మందు వల్ల ఆకలితోపాటు దాహం మీద ధ్యాస కూడా తగ్గవచ్చు. కొలిమి వేడిలో, మే నెల ఎండలో పనిచేసేవారు గంట లెక్కన నీరు తాగడం అలవాటు చేసుకోవాలి. మద్యం ఈ మందులతో పొసగదు. టీ, కాఫీ, ఖైనీ, గుట్కా నాడి వేగాన్ని మరింత పెంచుతాయి.

ఎంతకాలం వాడాలి

దీనికి అందరికీ వర్తించే గడువు లేదు. కనీసం ఏడాదికోసారి మందు ఇంకా అవసరమా అన్నది సమీక్షించాలి. మోతాదు మారిన ప్రతిసారీ, ఆపైన ఆరు నెలలకోసారి నాడి, రక్తపోటు చూడాలి. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ గల సుమారు 1,48,000 మంది రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. మందు ప్రారంభించినవారిలో మరణాల ముప్పు తక్కువగా ఉన్నట్లు అది గుర్తించింది. అదే దేశంలో 2014లో వెలువడిన మరో అధ్యయనం, మందు వాడుతున్న కాలంలో పురుషులలో తీవ్ర రోడ్డు ప్రమాదాల ముప్పు తగ్గినట్లు చూపింది. మరోవైపు, ఏళ్ల తరబడి వాడినవారిలో అధిక రక్తపోటు, రక్తనాళాల వ్యాధి ముప్పు కొంత పెరుగుతున్నట్లు కూడా స్వీడన్ పరిశోధకులే తెలియజేశారు. ఈ రెండు రకాల ఫలితాలను పక్కపక్కన ఉంచి చూస్తే, తగినవారు మందుకు భయపడనవసరం లేదని, వాడేవారు రక్తపోటు కొలత మానరాదని అర్థమవుతుంది.

మందు దృష్టిని నిలపగలదు. ఆ దృష్టిని ఏ పనిమీద పెట్టాలో అది నిర్ణయించదు. రోజువారీ జాబితా, ఫోనులో అలారం, వస్తువులకు స్థిరమైన చోటు, ప్రవర్తనా చికిత్స వంటివి మందుతోపాటు సాగాలి. ఇన్నేళ్లుగా ‘బద్ధకం’, ‘బాధ్యత లేదు’ అన్న మాటలు పడినవారికి మందు పనిచేసిన తొలి వారాలలో ఊరటతోపాటు, పోయిన కాలంపై దుఃఖం కూడా కలగవచ్చు. దీని గురించి వైద్యునితో మాట్లాడటం చికిత్సలో భాగమే.

మానసిక ఆరోగ్య సలహా కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 లేదా 1800 891 4416 నంబర్లలో రోజంతా ఉచితంగా సంప్రదించవచ్చు. 20 భాషలలో ఈ సేవ అందుతోంది. ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని కలవాలి అన్న సందేహంతో ఆగిపోయినవారు మొదటి అడుగుగా ఈ ఫోను చేయవచ్చు. ఇప్పటికే మందు వాడుతున్నవారు ఈ వ్యాసం ఆధారంగా మోతాదు మార్చడం గాని, ఆపడం గాని చేయక, తమ సందేహాలను రాసుకుని వైద్యుని వద్దకు వెళ్లాలి.